గోడ దాటిన కీరా తీగ

ఇంటి నుంచి,
మిషన్ పక్కన, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఆ దీవి మీద గాలీ వానా కొలిచేవాళ్ళకి వండిపెడుతూ హాయిగా ఉన్నావు. ఇక్కడ నేను కీరాల కింద పడి నలిగిపోతున్నాను.

వానలకి ముందు పెరటి గోడ పక్కన నాలుగు గింజలు పాతాను. ఒక్కటన్నా బతక్కపోతుందా అనుకున్నాను. నాలుగూ బతికాయి. బతకడమంటే అలా ఇలా కాదు. పందిరి ఎక్కాయి, పందిరి చాలక గోడెక్కాయి, గోడ చాలక పక్కింట్లోకి దిగాయి. పొద్దున కోస్తే సాయంత్రానికి మళ్ళీ వేలాడుతుంటాయి. ఆకు చాటున దాక్కున్న కాయ ఒక్కరోజు కంటపడకపోతే చాలు, నా మోచేయంత అయి కూచుంటుంది.

మొదట్లో బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి తలా రెండు చేతిలో పెట్టాను. సంతోషించారు. రెండోసారి మొహమాటానికి పుచ్చుకున్నారు. ఇప్పుడు నా గుమ్మం కనపడగానే వీధి దాటి అవతలి పక్కన నడుస్తున్నారు. బ్యాంకులో పనిచేసే ఆవిడ గౌను ఎప్పుడో కుట్టేశాను, రాదు. కబురు పెడితే, "గౌను ఒక్కటే ఇస్తానంటే వస్తానని చెప్పండి" అని తిరుగు కబురు పంపింది. చూశావా నా పరువు!

పక్కింట్లోకి కొత్తగా ఒకాయన దిగాడు. వీధి మలుపులో తాళాలు బాగుచేసే కొట్టు ఆయనదే. భార్య పోయి చాలా ఏళ్ళయిందట, ఒక్కడే ఉంటాడు. ఆయన వైపు దిగిన తీగకి కాసినవన్నీ కోసి, బుట్టలో సర్ది, గోడ మీద నుంచి నాకే అందిస్తున్నాడు. "మీవైపు కాసినవి మీరు తినండి" అన్నాను. "తీగ మీదైనప్పుడు కాయ కూడా మీదేనండీ" అన్నాడు. ఇంత నిజాయితీపరుడు పక్కింట్లో ఉంటే ఎలా వేగడం చెప్పు!

కీరా ముక్కలు సీసాల్లో వేసి ఫ్రిజ్‌లో పెడతానని, మీ స్టేషన్‌లో వాళ్ళు సీసా అడుగు దాకా గీక్కుని తింటారని రాశావు కదా ఒకసారి. అదేదో నాకూ చెప్పు. మీ దగ్గరున్న ఒక్క రేడియో ఫోనూ తుఫాను కబుర్లకే గాని అక్కాతమ్ముళ్ళ కబుర్లకి కాదు కాబట్టి, వచ్చే పడవకే జవాబు రాయి. ఆలస్యం చేస్తే నీ అక్క పచ్చగా మారి పందిరికి వేలాడుతుంది.

అక్క

&nbsp;

స్టేషన్ వంటగది నుంచి,
బయట హోరుగాలి

అక్కా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. మా ఆఫీసరు నవ్వీ నవ్వీ పొలమారి మంచినీళ్ళు తాగాడు. బ్యాంకావిడకి తన సానుభూతి తెలియజేయమన్నాడు.

ఇక విను. మోచేయంతవి దీనికి పనికిరావు, వాటిని ఎవరికైనా అంటగట్టు. వేలంత పొడుగువి, గట్టిగా ఉన్నవి, పొద్దున్నే కొయ్యి. పువ్వు రాలిన కొస ఉంటుంది చూడు, అది తప్పకుండా కోసి పారెయ్యి. ముక్కని మెత్తబరిచే గుణమంతా ఆ కొసలోనే ఉంటుంది. కాయల్ని ఐసు నీళ్ళలో గంటసేపు నాననివ్వు. తరవాత చిటికెన వేలి మందాన చక్రాలు తరుగు. సీసాలు మరిగే నీళ్ళతో కడిగి ఆరబెట్టు. ఒక్కో సీసా అడుగున వెల్లుల్లి రెబ్బలు, ఆవాలు, మిరియాలు, చీల్చిన పచ్చిమిరపకాయ వేసి, పైన ముక్కలు ఒత్తి సర్దు. వెనిగర్ ఎంతో నీళ్ళూ అంతే. అందులో ఉప్పు, కొంచెం పంచదార వేసి ఒక్క పొంగు రానిచ్చి, ముక్కలు మునిగేదాకా పొయ్యి. చల్లారాక మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసెయ్యి. ఎండబెట్టడాలు, నూనె పొయ్యడాలు ఏమీ లేవు. కానీ ఇది ఏడాది నిలవుండే సరుకు కాదు. చల్లగా ఉంచుకుని నెలలోపు తినెయ్యాలి.

రెండు రోజులు ఆగు. నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు గింజ పాతి, మొలిచిందో లేదో అని పూటకోసారి తవ్వి చూసేదానివి. మూత జోలికి పోకు.

ఇక్కడ కొత్త సంగతులేం లేవు. హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చి, కప్పెక్కి ఏవేవో కొలుచుకుని వెళ్ళారు. బాగా తిన్నారు. అవునూ, మేడ మీద నా గది ఎలా ఉంది? కిటికీ ఇంకా కొట్టుకుంటోందా? ఊరికే అడుగుతున్నా.

తమ్ముడు

&nbsp;

ఇంటి నుంచి,
వంటింటి బల్ల మీద

వంటల పండితుడికి,

నీ ముక్కలు పాడైపోయాయి. నీవి అని ఎందుకంటున్నానంటే చెప్పింది నువ్వు కాబట్టి. అన్నీ నువ్వు రాసినట్టే చేశాను. కొసలు కోశాను. ఐసు లేక కుళాయి నీళ్ళలో వేశాను. వెనిగర్ ఘాటు ముక్కుకెక్కిందని కాస్త తగ్గించాను. కాస్తంటే కాస్తే. పల్చగా తరిగితే త్వరగా ఊరతాయి కదా అని కాయితంలా తరిగాను. మూత తీసి చూస్తే నీళ్ళలో నానిన అట్టముక్కల్లా ఉన్నాయి.

అసలు దొంగ ఫ్రిజ్. సీసాల బరువుకి దాని తలుపు కిందికి వాలి, పక్కన సందు పడింది. చల్లదనమంతా వంటింట్లోకి, వేడంతా సీసాల్లోకి. ఏం చెయ్యాలో తోచక, స్కర్టుల నడుముకి వేసే వెడల్పాటి ఎలాస్టిక్ తెచ్చి ఫ్రిజ్ చుట్టూ బిగించాను. పాలు కావాలంటే విప్పడం, మళ్ళీ కట్టడం. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇలా ఉండగా తాళాలాయన వచ్చాడు. గోడ మీద తీగ గుబురెక్కి చెయ్యి దూరడం లేదని, బుట్ట పట్టుకుని వీధి గుమ్మంలోంచే వచ్చాడు. ఫ్రిజ్ వంక చూసి, "ఏవండీ, దీనికేమైంది?" అన్నాడు.

"నడుం నొప్పి" అన్నాను.

నవ్వలేదు. భుజానున్న పనిముట్ల సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి నేల మీద చతికిలబడి, కింది కీలు విప్పి, ఏదో రేకుముక్క దూర్చి మళ్ళీ బిగించాడు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. "తలుపు తప్పేం లేదండీ, కీలు అరిగిపోయింది. పాపం, తలుపు ఇన్నాళ్ళూ తనకి చేతనైనంత పట్టుకునే ఉంది" అన్నాడు. తలుపుల మీద ఇంత జాలి ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

పాడైన సీసా పారబోయబోతుంటే "ఏదీ" అని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. వద్దని అరిచేలోపే నమిలేశాడు. చాలాసేపు ఆలోచించి, "ఉప్పు సరిపోయిందండీ" అన్నాడు. నేను ఎంత నవ్వానంటే, సూదుల డబ్బా కిందపడింది. అప్పుడు ఆయన కూడా నవ్వాడు. ఇద్దరం కూచుని సూదులు ఏరుకున్నాం.

నీ గది నీ గదిలాగే ఉంది. కిటికీ కొట్టుకుంటూనే ఉంది. నీ ట్రంకు మీద గుడ్డల తానులు పెట్టాను, ఏమీ అనుకోకు. ఎందుకడిగావు?

అక్క

&nbsp;

స్టేషన్ వంటగది నుంచి,
గాలి తగ్గింది, ముసురు

అక్కా,

ఐసు నీళ్ళంటే ఐసు నీళ్ళే. చిటికెన వేలంటే నీ చిటికెన వేలే, దారప్పోగు కాదు. ఇక వెనిగర్ సంగతి. అది రుచి కోసమే అనుకోకు, ముక్క చెడిపోకుండా కాపాడేది అదే. మళ్ళీ తగ్గించావంటే పడవెక్కి వచ్చి మరీ పోట్లాడతాను. పాడైనవి నువ్వు తినకు, ఎవరికీ పెట్టకు. ఇంతకీ ఆ మహానుభావుడి ఒంట్లో కులాసాయేనా? ఒక వాక్యం రాసి నా ఆత్రం తీర్చు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. కీరాల గురించి నాలుగు ముక్కలు, ఫ్రిజ్ గురించి నాలుగు ముక్కలు. మిగతాదంతా ఏమిటక్కా? పైగా ఆయన నిన్ను "ఏవండీ" అంటున్నాడు. అదేదో నువ్వు ఆయన్ని అనాల్సిన మాట కాదూ! సరే సరే, కత్తెర కింద పెట్టు.

ఒకటి మాత్రం నిజం. నువ్వు సూదుల డబ్బా జారిపడేంతగా నవ్విన సంగతి విని చాలా ఏళ్ళయింది.

ఇక్కడ మనుషులు తగ్గారు. ఇద్దరు బదిలీ మీద వెళ్ళారు. పెద్ద గిన్నె కడిగి పైన బోర్లించాను. తీరిక ఎక్కువై గాలం పట్టుకుని రాళ్ళ మీద కూచుంటున్నాను. ఎరలు తిని చేపలు బాగా బలిశాయి.

తమ్ముడు

&nbsp;

ఇంటి నుంచి,
ఆనందం పట్టలేక పొద్దున్నే

తమ్ముడూ,

కరకర! ఈ మాట రాయడానికే కాయితం తీశాను. నిన్న మూత తీసి ముక్క కొరికితే ఆ చప్పుడు నాకే కొత్తగా వినిపించింది. పులుపు, ఉప్పు, వెనకాల్నే సన్నగా తీపి, ఆఖర్న పచ్చిమిరప. నాకు నేనే దణ్ణం పెట్టుకున్నాను. తరవాత నీకూ పెట్టాను.

బస్సు డిపో మేనేజరు డ్రైవర్ల యూనిఫారాలు తీసుకెళ్ళడానికి వచ్చి, రుచి చూస్తానని నిలబడ్డవాడు నిలబడ్డట్టే సగం సీసా ఖాళీ చేశాడు. చొక్కాల లెక్క మర్చిపోయి వెళ్ళాడు. మర్నాడు ముగ్గురు డ్రైవర్లు వచ్చారు, బట్టల కోసం కాదు. బ్యాంకావిడ ఎదురు వచ్చి, "నాకు చెప్పనే లేదేమండీ" అని నిష్ఠూరమాడింది. వీధికి అవతలి పక్కన నడిచినవాళ్ళంతా మళ్ళీ ఇవతలికొచ్చారు.

ఇప్పుడు చిక్కల్లా చోటుతోనే. ఫ్రిజ్ నిండా సీసాలే, పాలు పెట్టుకోను సందు లేదు. తాళాలాయన ఫ్రిజ్‌లో ఏముందో తెలుసా? ఒక నీళ్ళ సీసా, ఒక ఎండిన నిమ్మకాయ. అంత ఖాళీ చూసి నా మనసాగలేదు. రెండో వాయి సీసాలన్నీ అక్కడ పెట్టాను. ఆయన కొట్లో ఉన్నప్పుడు కావాల్సివస్తే ఎలా అని, నాకొక తాళంచెవి చేసి ఇచ్చాడు. తాళాలాయన కదా, చెవి ఒకటి ఎక్కువ చెయ్యడం ఆయనకో లెక్కా! దీనికి నువ్వు అర్థాలు తియ్యకు. నువ్వడిగావు కదా, ఆయన ఒంట్లో కులాసాయే.

మొన్న నేను సీసాలు తుడుస్తుంటే ఆయన నన్ను ఒక మాట అడిగాడు. అదేమిటో ఇప్పుడు రాయను. ముందు నువ్వు చెప్పు, ఇంకా ఎన్నాళ్ళుంటావు అక్కడ? ఎప్పుడన్నా ఇక వచ్చేద్దామని అనిపిస్తోందా? ఈ ఇల్లు అమ్మ మనిద్దరికీ ఇచ్చింది. ఆ సంగతి నేనెప్పుడూ మర్చిపోను, నువ్వూ మర్చిపోకు.

అక్క

&nbsp;

స్టేషన్ వంటగది నుంచి,
ఎండ

అక్కా,

కరకర ఇక్కడిదాకా వినపడింది. చాలా సంతోషం.

నా సంగతి రాయాల్సి ఉంది, ఇదిగో రాస్తున్నాను. నన్ను వేరే స్టేషన్‌కి వేస్తున్నారు. ఇంతకంటే దూరం. వంటగది పెద్దదట, పొయ్యి కొత్తదట, సముద్రం కూడా కొత్తదేనట. ఒకసారి వెళ్తే ఐదారేళ్ళు కదలనివ్వరు. నాకు ఇష్టమే. కాబట్టి మేడ మీద గది నాకోసం అట్టే పెట్టి ఉంచకు. ట్రంకులో పాత చొక్కాలు తప్ప ఏమీ లేవు, గుడ్డపీలికలకి వాడుకో. ఆ గదిలో ఎవరన్నా మనుషులుంటే కిటికీ అయినా బాగుపడుతుంది.

ఆ అడిగిన మాటేమిటో నువ్వు రాయక్కర్లేదు. మూత పెట్టిన గిన్నెలో ఏముడుకుతోందో నాకు వాసనే చెప్తుంది. ఆ ముక్క తిని ఉప్పు సరిపోయిందన్న మనిషి తప్పకుండా మంచివాడే. నువ్వు మళ్ళీ ఆలోచనలో పడి, మిషన్ తొక్కుకుంటూ కాలం గడిపెయ్యకు. ఎవరు నీ పెళ్ళి ఊసెత్తినా నువ్వు చేసే పని అదే.

కొత్త చోటికి వెళ్ళాక రాస్తాను. ఉత్తరాలు ఆలస్యమవుతాయి, కంగారు పడకు.

తమ్ముడు

&nbsp;

తాళాల కొట్టు నుంచి

అయ్యా,

మీరు నన్ను చూడలేదు. మీ అక్కగారి పక్కింట్లో ఉంటాను. నాకు రసీదులు రాయడమే గాని ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. తప్పులుంటే మన్నించాలి. నేను రాస్తున్నట్టు ఆవిడకి తెలియదు.

ఆవిణ్ణి పెళ్ళి చేసుకుంటానని అడిగాను. చాలాసేపు సీసా తుడుస్తూ ఉండిపోయింది. తుడిచిందే తుడిచింది. తరవాత కుదరదంది. నేను నచ్చలేదా అనడిగాను. "మీరు బాగానే ఉన్నారు. ఇల్లే చిన్నది" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పింది. ముందు గది మిషన్లకి, గిరాకీకి. కింది గదిలో ఒక మంచం పడితే తలుపు సగమే తెరుచుకుంటుంది. మేడ మీదిది మీ గది. "వాడు ఎంత దూరం వెళ్ళినా, తిరిగి రావడానికి తనకో గది ఉందని వాడికి తెలియాలి. అందులోకి ఇంకొకళ్ళని తేలేను" అంది.

ఆవిడ అన్నది న్యాయమే అనిపించింది.

కానీ మీరు బదిలీ మీద దూరం వెళ్తున్నారన్న ఉత్తరం వచ్చిన రోజు ఆవిడ మిషన్ తొక్కలేదు. గది ఖాళీ అయింది కదా అని నాకు మనసులో ఆశ పుట్టిన మాట నిజం. దాచను. సాయంత్రం వెళ్ళి చూస్తే మీ గదిలో ఉంది. తానులన్నీ కిందికి దింపేసి, మీ ట్రంకు తుడుస్తోంది. "వాడు అబద్ధమాడుతున్నాడు. వాడికి ఇష్టమైతే అంత పొందిగ్గా రాయడు" అంది. ఆ మొహం చూశాక నా ఆశ నాకే సిగ్గుగా అనిపించింది.

అయ్యా, నాకు ఆ గది అక్కర్లేదు. కుదరదన్నా నేను గోడకి ఇవతలే ఉంటాను, సీసాలు నా ఫ్రిజ్‌లోనే ఉంటాయి. కానీ ఆవిడ మనసు తేలికపడేలా ఒక్క నిజం రాయండి. అది ఏదైనా సరే.

ఇట్లు,
పక్కింటివాడు

&nbsp;

స్టేషన్ వంటగది నుంచి,
ఇంకెన్నాళ్ళో ఇలా రాయను

పక్కింటి పెద్దమనిషిగారికి నమస్కారం.

మీరు రసీదులే కాదు, ఉత్తరాలు కూడా బాగానే రాస్తారు. మీరడిగిన నిజం మీకు మాత్రమే రాస్తున్నాను.

బదిలీ లేదు, కొత్త పొయ్యీ లేదు. కప్పెక్కి కొలిచినవాళ్ళు యంత్రాలు తెచ్చి బిగించారు. ఇకమీదట గాలిని, వానని అవే కొలిచి, అవే కబురు పంపుతాయి. వాటికి మనుషులు అక్కర్లేదు. మనుషులు లేని చోట వంటవాడితో పనేముంది? యంత్రాలు భోజనం ఒక్కటే చెయ్యవు, మిగతావన్నీ చేస్తాయి. వచ్చే నెలాఖరుకి స్టేషన్ మూసేస్తున్నారు.

ఇంటికే వచ్చేద్దామనుకున్నాను. ఆ గది సంగతి అందుకే అడిగాను. అంతలో అక్క ఉత్తరాల నిండా మీరు కనిపించడం మొదలుపెట్టారు. నాకు ఉద్యోగం పోయిందని తెలిస్తే తను మీకు తప్పకుండా కుదరదనే చెప్తుందని నాకు తెలుసు. అందుకే అబద్ధమాడాను. నేనేమీ చెప్పకముందే తను కుదరదని చెప్పేసిందని ఇప్పుడు మీ ఉత్తరం వల్ల తెలిసింది. నా విషయంలో మా అక్కకి ఉన్న మొండితనం అలాంటిది.

రేవు పట్టణంలో ఏదో హోటల్లో పని చూసుకుంటాను. చేతిలో గరిటె ఉన్నవాడు ఎక్కడైనా బతుకుతాడు. దయచేసి తనకి చెప్పకండి. ఆ గదిలోకి మీరు రండి. మీరొచ్చారని తెలిస్తే నాకు నిద్ర పడుతుంది.

వంటవాడు

&nbsp;

ఇంటి నుంచి,
పళ్ళు కొరుకుతూ

ఒరేయ్!

ఇది చివాట్ల ఉత్తరం. కుశల ప్రశ్నలు ఉండవు.

తాళాలు తెరిచే మనిషికి రహస్యం దాచమని ఇస్తావా? ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పాపం రెండు రోజులు నా కంటపడకుండా తిరిగాడు. మూడో రోజు వచ్చి, నేను ఏమీ అడక్కుండానే, "మీ తమ్ముడి ఉద్యోగం పోలేదండీ" అన్నాడు.

"పోయిందని ఎవరన్నారు?" అన్నాను.

అంతే! మనిషి తెల్లబోయాడు. అటూ ఇటూ చూసి, జేబులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి, "నా వల్ల కాదండీ" అన్నాడు.

చదివాను. మొదట కోపం వచ్చింది. తరవాత ఏడుపొచ్చింది. మళ్ళీ కోపం వచ్చింది, ఇప్పుడు దాంతోనే రాస్తున్నాను. నువ్వు ఎంత దూరం పోతే నేను అంత సుఖపడతానని ఎలా అనుకున్నావురా? ఊరు కాని ఊళ్ళో, ఎవరో యజమాని దగ్గర నువ్వు గిన్నెలు తోముతుంటే, నేనిక్కడ మేడ మీద కిటికీ తెరుచుకుని గాలి పీలుస్తూ కూచుంటానా? నువ్వు నాకు పెద్ద త్యాగమూర్తివి దొరికావు. పక్కన ఈయనొకడు. నాకు గది అక్కర్లేదు, గోడవతలే ఉంటాను అంటాడు. నేనేమో మీ ఇద్దరికంటే ఎక్కువ. ముగ్గురం ముగ్గురే.

ఆ కోపంలోనే ఆయన్ని కూడా కేకలేశాను. "అసలు మీరు ఇక్కడికొస్తే ఆ ఇంట్లో ఎవరుంటారు?" అన్నాను. ఏదో తిట్టబోయి ఆ మాట వచ్చింది.

"ఎవరూ ఉండరండీ, ఖాళీ" అన్నాడాయన.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఎవరికి ముందు వెలిగిందో తెలియదు. ఆయన నెమ్మదిగా గోడ వైపు చూశాడు, నేనూ చూశాను. ఖాళీ ఇల్లురా! పక్కనే! ఒక గది, వంటిల్లు, పెరడు. ఇన్నాళ్ళూ ఒక్క మేడగది చుట్టూ ముగ్గురం గానుగెద్దుల్లా తిరిగాం గాని, మనిషి ఇటొస్తే ఇల్లు అటు మిగులుతుందని ఒక్కళ్ళకీ తట్టలేదు. అది అద్దె ఇల్లు కదా, నీకిస్తారా అని దాని యజమానురాలిని ఆ సాయంత్రమే అడిగాం. వంట చేసేవాడైతే ఇంకా మంచిదంది.

అందుకని నా నిర్ణయం విను. సరే అని ఆయనకి చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. రిజిస్ట్రారాఫీసులో సంతకాలు, సాయంత్రం నలుగురికీ భోజనం, అంతే. ఆ భోజనం నువ్వే వండాలి. సాక్షి సంతకం కూడా నీదే. నువ్వు రాకపోతే ఆ పెళ్ళి లేదు, ఈ వయసులో నాకు పెళ్ళి చెడగొట్టిన పాపం నీదే.

పని సంగతి కూడా విను. డిపో క్యాంటీన్‌లో వంటాయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. డ్రైవర్లు రొట్టెముక్కలతో కాలం గడుపుతున్నారట. మేనేజరు ముక్కలు తింటూ, "ఇవి మీకెవరు నేర్పారండీ?" అన్నాడు. చెప్పాను. "మనిషిని ఒకసారి రమ్మనండి. వారం వండనిస్తాను. నచ్చితే ఉంటాడు, లేకపోతే లేదు" అన్నాడు. నచ్చుతుందో లేదో నీ చేతిలో ఉంది, నేను పూచీ పడలేదు.

రేవు పట్టణం, హోటలు అని ఇంకొక్క మాట రాశావంటే ఆ పడవెక్కి నేనే వస్తాను. నాకు పడవ పడదని, దారంతా వాంతులేనని నీకు తెలుసు. ఆ పాపం కూడా నీదే.

అక్క

&nbsp;

రేవు బల్ల మీద నుంచి,
పడవ కోసం చూస్తూ

అక్కకీ, బావగారికీ,

బావగారూ, ఈ పిలుపు కాయితం మీద ఎలా ఉంటుందో చూద్దామని ముందు ఒక చిత్తుకాయితం మీద రాసుకున్నాను. బాగానే ఉంది. మీరు రహస్యం దాచలేకపోయినందుకు మీకు జన్మంతా రుణపడి ఉంటాను. ఇంకెప్పుడూ మీకు ఏ రహస్యమూ చెప్పను.

అక్కా, నీ చివాట్లు వంటగది మెట్ల మీద కూచుని చదివాను. చివరికొచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆఫీసరు వచ్చి, "ఏమిటయ్యా, ఇంట్లో అంతా క్షేమమేనా?" అనడిగాడు. "మా అక్కకి పెళ్ళండీ" అన్నాను. ఏడుస్తూ ఆ మాట చెప్పినవాణ్ణి ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

నిన్న మధ్యాహ్నం ఆఖరి వంట చేశాను. ఆఫీసరు, నేను, సామాను మొయ్యడానికి వచ్చిన పడవవాళ్ళు. మిగిలినదంతా వండేశాను. చిన్న స్టేషన్‌కి ఎంత సరుకు మిగిలిందో! తిన్నాక ఆఫీసరు తన పళ్ళెం తనే కడిగాడు. తరవాత నేను పొయ్యి ఆర్పాను. ఇన్నేళ్ళలో అది పూర్తిగా చల్లారడం నేను చూడలేదు, చెయ్యి పెట్టి చూశాను. కప్పు మీద యంత్రం గిర్రున తిరుగుతోంది, దాని పని అది చేసుకుంటోంది. దాని మీద కోపం రాలేదు. కాస్త జాలేసింది. అంత గాలిలో నిలబడి కొలవాలి, ఆకలెయ్యదు, ఎవరూ తిన్నావా అని అడగరు.

డిపోలో వారం పరీక్ష అంటే భయంగానే ఉంది. ఇక్కడివాళ్ళకి వేరే దారి లేక నా వంట తిన్నారేమో, డ్రైవర్లు అలా కాదు, ఎదురుగా ఇంకో హోటలు ఉంటుంది. అయినా పళ్ళాలు ఖాళీగా తిరిగొస్తే చాలు. పెళ్ళి వంట మాత్రం పరీక్ష కాదు. ఏం వండాలో ఇద్దరూ పోట్లాడుకుని తేల్చుకోండి. పోట్లాట మొదలుపెట్టడానికి అదే మంచి అదను.

పడవ కనిపిస్తోంది. పోస్టు సంచీ ఇప్పుడే కడతారట, దీన్ని అందులో వేస్తున్నాను. ఈ ఉత్తరమూ నేనూ ఒకే పడవలో వస్తున్నాం. రేవులో దిగాక అది పోస్టాఫీసు మీదుగా వస్తుంది, నేను బస్సు మీద వస్తాను. ముందు ఎవరొస్తే వాళ్ళకి తలుపు తియ్యండి. నేనే ముందొస్తే, ఇది వచ్చినప్పుడు మాత్రం నన్ను లోపలికి పంపెయ్యండి. ఏడ్చిన సంగతి బావగారు నా ఎదురుగా చదివితే నాకు సిగ్గు.

తమ్ముడు